వంటింటి పొగ, ఊరి గాలి: పిల్లలతో కలిసి చదవాల్సిన పాఠం

దీపం-2 లబ్ధిదారుల కోసం. నగరం మండలంతో పాటు తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల కుటుంబాలకు



ఈ పీడీఎఫ్ మీ ఫోన్‌కు వచ్చిందంటే మీ ఇంట్లో గ్యాస్ కనెక్షన్ ఉండే ఉంటుంది. ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు ఎలా తీసుకోవాలో చివర్లో చెప్తాం. అది కావలసినవాళ్ళు నేరుగా అక్కడికి వెళ్ళవచ్చు. కానీ వీలైతే ముందు ఈ పాఠం చదవండి. మీకు చదవడం కష్టమైతే బడికెళ్ళే పిల్లల చేత చదివించుకుని వినండి. అసలు అలా వినడమే మంచిది. ఎందుకంటే ఇందులో సగం పని పిల్లలదే.

బడిలో పిల్లలు వాయు కాలుష్యం గురించి చదువుతారు. ఆ మాట అనగానే వాళ్ళకు గుర్తొచ్చేది ఫ్యాక్టరీ పొగగొట్టం, లారీ పొగ, చలికాలంలో ఢిల్లీ. చుట్టూ వరిచేలు, కాలవలు, కొబ్బరి చెట్లు ఉన్న మన ఊళ్ళలో గాలికేం, బ్రహ్మాండంగా ఉంటుందని అనుకుంటారు. చాలావరకు నిజమే. కానీ అదే పిల్ల మాపటేళ వసారాలో కూర్చుని ఆ పాఠం బట్టీ పడుతుంటే, రెండడుగుల దూరంలో కట్టెల పొయ్యి మీద నీళ్ళు కాగుతుంటాయి. పొగ కళ్ళల్లో పడితే తుడుచుకుని మళ్ళీ చదువుతుంది. పొగగొట్టం గురించి చదివినా, పక్కన ఉన్న పొగను చూడదు.

పొగలో ఏముంటుంది?

కట్టె పూర్తిగా కాలితే నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు మాత్రమే రావాలి. మన పొయ్యిలో అలా జరగదు. గాలి చాలదు, కట్టె తడిగా ఉంటుంది, మంట ఒకచోట ఎర్రగా, ఒకచోట నల్లగా ఉంటుంది. సగం కాలిన పదార్థమంతా పొగై పైకి లేస్తుంది. గిన్నె అడుగున పట్టే మసి అదే. గిన్నెకు పట్టింది మనకు కనిపిస్తుంది, ఊపిరితిత్తులకు పట్టింది కనిపించదు. తేడా అంతే.

ఈ పొగలో ముఖ్యంగా రెండింటిని పిల్లలకు చెప్పండి.

ఒకటి, సన్నటి ధూళి. దీన్ని పీఎం 2.5 అంటారు. అంటే 2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్న కణాలు. ఒక మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో ఒక భాగం ఒక మైక్రాన్. మన తల వెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రాన్లు ఉంటుంది. అంటే ఒక వెంట్రుక మందంలో ఈ కణాలను ఇరవైకి పైగా పక్కపక్కన పేర్చవచ్చు. రోడ్డు మీద లేచే పెద్ద దుమ్ము ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. తుమ్ముతాం, దగ్గుతాం, బయటికి వచ్చేస్తుంది. ఈ సన్నటిది ఆగదు. ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది, అందులో కొంత రక్తంలోకి కూడా చేరుతుంది.

రెండోది కార్బన్ మోనాక్సైడ్. దీనికి రంగు లేదు, వాసన లేదు. రక్తం ప్రాణవాయువును మోయాల్సిన చోట ఇది ఎక్కి కూర్చుంటుంది. తలుపులు మూసిన గదిలో నిప్పుల కుంపటి పెట్టుకుని పడుకుంటే ప్రాణం పోయేది దీనివల్లే. చలికాలంలో పురిటి గదిలో బాలింతకూ పసిబిడ్డకూ వెచ్చగా ఉండాలని కుంపటి పెట్టే అలవాటు ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో ఉంది. పెద్దవాళ్ళు ప్రేమతోనే పెడతారు. అయినా ఆ పని వద్దు. వెచ్చదనానికి దుప్పటి, టోపీ, అమ్మ ఒడి చాలు. బిడ్డకు తలంటాక వేసే సాంబ్రాణి కూడా పొగే కదా. వేయకుండా ఉండలేమంటారా, బిడ్డ లేనప్పుడు గదిలో వేసి, తలుపులు తీసి, పొగ పోయాక బిడ్డను తీసుకురండి.

ఉమ్మడి రాష్ట్రంలోనే కొలిచిన లెక్క

ఇదంతా ఎక్కడో విదేశాల్లో చెప్పిన మాట అనుకోకండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు జిల్లాల్లో, 400కు పైగా పల్లె ఇళ్ళలో, 24 గంటల పాటు గాలిని యంత్రాలతో కొలిచారు. చెన్నైకి చెందిన డాక్టర్ కల్పనా బాలకృష్ణన్ బృందం చేసిన ఈ పరిశోధన 2004లో అచ్చయింది. ఊపిరితిత్తుల లోపలిదాకా పోయే ధూళి ఒక ఘనపు మీటరు గాలిలో ఎంత ఉందో చూశారు. గ్యాస్ వాడే ఇళ్ళలో సగటున 73 మైక్రోగ్రాములు. కట్టెలు, పిడకల లాంటి వాటితో వండే ఇళ్ళలో సగటు 732 దాకా వెళ్ళింది.

మీ అబ్బాయినో అమ్మాయినో 732ను 73తో భాగించమనండి. పదిరెట్లు.

అదే పరిశోధనలో ఇంకో సంగతి బయటపడింది. కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో అందరూ ఒకే పొగ పీల్చరు. వంట చేసే ఆడవాళ్ళు అందరికంటే ఎక్కువ పీలుస్తారు. మగవాళ్ళలో ఎక్కువ పీల్చేది ఇంటిపట్టున ఉండే ముసలివాళ్ళు. అంటే వయసు, సంపాదన, కులం ఏదైనా సరే, పొయ్యికి ఎంత దగ్గర, ఎంతసేపు అన్నదే లెక్క. చంకలో పిల్లను పెట్టుకుని వండే తల్లి తనతో పాటు ఆ పిల్లనూ అదే పొగలో ఉంచుతోందన్నమాట.

వంటింటి పొగను మొదట శ్రద్ధగా కొలిచినవాళ్ళలో కర్క్ స్మిత్ అనే అమెరికా శాస్త్రవేత్త ఒకరు. 1981లో గుజరాత్ పల్లెల్లో మొదలుపెట్టారు. వంటింట్లో కట్టెల మంట గంటకు 400 సిగరెట్లు కాల్చినంత పొగ ఇస్తుందని ఆయన చెప్పేవారు. ఇంట్లో మగవాళ్ళు సిగరెట్ తాగితే పిల్లల ముందు తాగొద్దని గొడవ పడతాం. పొయ్యి దగ్గర మాత్రం ఏమీ అనుకోం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఇళ్ళలోని పొగ కారణంగా 2020లో ప్రపంచం మొత్తం మీద సుమారు 32 లక్షల మంది చనిపోయారు. అందులో అయిదేళ్ళలోపు పిల్లలు 2 లక్షల 37 వేలకు పైనే. పొగ ఉన్న ఇంట్లో పెరిగే పిల్లలకు న్యుమోనియా ముప్పు దాదాపు రెట్టింపు అవుతుందని కూడా ఆ సంస్థ చెప్తోంది.

ఫోన్‌లో చూపించే ఏక్యూఐ అంటే?

పిల్లలు ఫోన్‌లో వాతావరణం చూసేటప్పుడు ఏక్యూఐ అని ఒక అంకె కనపడుతుంది. వాయు నాణ్యత సూచీ అని అర్థం. మన దేశంలో దీన్ని 2015 ఏప్రిల్‌లో మొదలుపెట్టారు. ఎనిమిది రకాల కాలుష్యాలను కొలిచి, వాటిలో ఏది ఎక్కువ చెడ్డగా ఉంటే దాని అంకెనే ఆ రోజు అంకెగా చెప్తారు. సగటు తీయరు. ఇది పిల్లలకు బాగా అర్థమయ్యేలా చెప్పాలంటే, ఆరు సబ్జెక్టుల్లో అయిదింటిలో పాసై ఒక్కదానిలో తప్పినా తప్పినట్టే కదా, అలాగన్నమాట.

50 వరకు మంచి గాలి, ముదురు ఆకుపచ్చ రంగు. 51 నుంచి 100 ఫర్వాలేదు, లేత ఆకుపచ్చ. 101 నుంచి 200 ఒక మోస్తరు, పసుపు. ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఇక్కడి నుంచే ఇబ్బంది మొదలవుతుంది. 201 నుంచి 300 చెడ్డది, నారింజ రంగు. 301 నుంచి 400 బాగా చెడ్డది, ఎరుపు. 401 దాటితే ప్రమాదం, ముదురు ఎరుపు.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్‌లో అమరావతి, విజయవాడ లాంటి చోట్ల యంత్రం కొలిచిన అంకెలు చూడవచ్చు. దేశంలో గాలి ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో మన రాష్ట్రం నుంచి 13 ఉన్నాయి. వాటిలో గుంటూరు, ఒంగోలు కూడా ఉన్నాయి. కొన్ని ఫోన్ యాప్‌లు ఏ చిన్న ఊరి పేరు కొట్టినా ఒక అంకె చూపిస్తాయి. అక్కడ యంత్రం లేకపోతే అది ఉపగ్రహం, కంప్యూటరు లెక్కలతో వేసిన అంచనా మాత్రమే. పిల్లలకు ఈ తేడా నేర్పడం మంచిది: కొలిచిన అంకె వేరు, అంచనా వేరు.

ఇంకో మాట. ఆ అంకె ఏదైనా సరే, అది ఊరి బయటి గాలిది. యాప్‌లో 60 అని పచ్చగా చూపిస్తున్న సమయానికే మీ వంటింట్లో దానికి ఎన్నో రెట్లు ఉండవచ్చు. మీ వంటింటి అంకె ఏ యాప్‌లోనూ రాదు. అందుకే పిల్లల చేత మనమే చూపించాలి.

వారం రోజుల పని: పిల్లలు చేయాల్సింది

దీనికి కావలసినవి రోజుకు అయిదు తెల్ల అట్టముక్కలు, పెళ్ళి శుభలేఖ వెనకవైపైనా చాలు. కొంచెం వాజ్‌లైన్, దారం, ఒక నోటుబుక్కు.

ప్రతి అట్టమీద సెంటీమీటరు పొడవు, సెంటీమీటరు వెడల్పు ఉన్న గడి స్కేలుతో గీయమనండి. దానిమీద వాజ్‌లైన్ పల్చగా పూయాలి. కొబ్బరినూనె పూస్తే అట్ట పీల్చేసుకుంటుంది, పనికిరాదు. ఒక అట్టను వంటింట్లో, పొయ్యికి మూడు నాలుగు అడుగుల దూరంలో, పిల్ల ముఖం ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తున కట్టాలి. మంటకు మరీ దగ్గరగా వద్దు. రెండోది పడుకునే గదిలో. మూడోది వసారాలో. నాలుగోది రోడ్డు వైపు గోడకు. అయిదో అట్టను ఏమీ చేయకుండా మూత ఉన్న డబ్బాలో పెట్టాలి. అది దేనికని పిల్లలు అడుగుతారు. మిగతా నాలుగింటిని దేనితో పోల్చాలో తెలియాలంటే దుమ్ము తగలనిది ఒకటి ఉండాలి కదా. సైన్సు ప్రయోగంలో ఇదే అన్నిటికంటే ముఖ్యమైన అట్ట, చాలామంది మర్చిపోయేదీ ఇదే.

24 గంటల తర్వాత తీసి, ఫోన్ కెమెరాలో జూమ్ చేసి, గడిలో ఎన్ని నల్లచుక్కలున్నాయో లెక్కపెట్టి పుస్తకంలో రాయాలి. మొదటి మూడు రోజులు మీరు మామూలుగా ఎలా వండుతారో అలాగే వండండి. తర్వాత మూడు రోజులు ఇంట్లో కట్టె వెలిగించకుండా అంతా గ్యాస్ మీద వండండి, స్నానం నీళ్ళతో సహా. రోజూ కొత్త అట్టలు. ఏడో రోజున అంకెలు పక్కపక్కన రాసి చూడమనండి.

ఒక జాగ్రత్త చెప్పాలి. అట్టకు అంటుకునేది కంటికి కనపడే పెద్ద ధూళి మాత్రమే. పీఎం 2.5 ఇందులో కనపడదు. కాబట్టి అట్ట తెల్లగా ఉందంటే గాలి బాగుందని కాదు. నల్లగా ఉందంటే మాత్రం బాగాలేదని ఖాయంగా చెప్పవచ్చు. పిల్లలు ఇది పుస్తకంలో తమ మాటల్లో రాయాలి. మాస్టారు మార్కులు వేసినా వేయకపోయినా సరే.

రెండో పని ఇంకా తేలిక. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం, సాయంత్రం ఆరింటికి బయట నిలబడి దూరంగా ఉన్న ఏదో ఒకటి, వాటర్ ట్యాంకో, గుడి గోపురమో, తాడిచెట్ల వరుసో, ఎంత స్పష్టంగా కనిపిస్తుందో రాయాలి. అలాగే ఎవరింటి పొగైనా ఎంత ఎత్తుకు లేస్తుందో, ఎటు పోతుందో చూడాలి.

మూడోది లెక్కల పని. ఒక నిమిషం పాటు తన ఊపిరి తనే లెక్కపెట్టుకోవాలి. నిమిషానికి 20 సార్లు అనుకోండి, 60తో, మళ్ళీ 24తో గుణిస్తే రోజుకు 28,800. అన్నం మూడుపూటలే తింటాం, చూసి తింటాం. గాలి ఇన్నివేల సార్లు లోపలికి పోతుంది, ఒక్కసారీ చూడం.

మన వైపు ఏ నెలలో ఎలా ఉంటుంది?

ఆ రెండో పని చలికాలంలో చేస్తే పిల్లలకు ఒక వింత కనిపిస్తుంది. డిసెంబరు, జనవరిలో సాయంత్రం పొయ్యి పొగ పైకి పోదు. ఇంటి కప్పు దాటాక కొంచెం పైకి లేచి, అక్కడే ఊరి మీద దుప్పటిలా పరుచుకుంటుంది. పొద్దున మంచుతో కలిసి ఇంకా చిక్కనవుతుంది.

మామూలుగా నేల దగ్గర గాలి వెచ్చగా ఉండి పైకి లేస్తుంది, పొగను కూడా తీసుకుపోతుంది. చలికాలం రాత్రి నేల త్వరగా చల్లబడిపోతుంది. దాన్ని అంటుకున్న గాలీ చల్లబడి బరువెక్కుతుంది. పైన మాత్రం వెచ్చని గాలి మూతలా ఉంటుంది. పొగ ఆ మూత కింద ఇరుక్కుంటుంది. ఎండెక్కి నేల వేడెక్కాకే మూత తెరుచుకుంటుంది. సముద్రం దగ్గర కావడం మన అదృష్టం. పగటిపూట నిజాంపట్నం వైపు నుంచి వచ్చే గాలి చాలావరకు ఊడ్చేస్తుంది. రాత్రికి ఆ గాలి పడిపోతుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన వైపు వరి కోతలు. పూర్వం కోసి, కుప్ప వేసి, నూర్చాక గడ్డి అంతా వాముకు చేరేది. గేదెలకు ఏడాది మేత. ఇప్పుడు మిషన్ కోతతో గడ్డి చేలోనే చెల్లాచెదురుగా పడుతుంది, ఏరించడానికి కూలి ఎక్కువ, చాలా ఇళ్ళలో గేదెలు కూడా లేవు. వెనకనే మొక్కజొన్న, జొన్న వేయాలనే తొందర. అగ్గిపుల్ల గీస్తే పని అయిపోతుంది. రైతును తిట్టి లాభం లేదు, ఆ తొందర నిజమైనదే. కానీ లెక్క చూడండి. ఒక టన్ను వరిగడ్డి కాలిస్తే సుమారు 3 కిలోల ధూళి, 60 కిలోల కార్బన్ మోనాక్సైడ్ గాలిలోకి పోతాయి. దాంతోపాటు ఆ గడ్డిలో ఉన్న అయిదున్నర కిలోల నత్రజని, 25 కిలోల పొటాష్ చేనుకు కాకుండా పోతాయి. మళ్ళీ ఎరువుల కొట్టుకు వెళ్ళి కొనేది అవే. గడ్డిని చుట్టలు కట్టే మిషన్ దొరికితే కట్టించి అమ్మడమో, గేదెలున్నవాళ్ళకు ఇవ్వడమో, గట్టు మీద కుప్ప వేసి మాగబెట్టడమో చేయవచ్చు. మినుము చల్లేవాళ్ళకు ఈ బాధ లేదు, వాళ్ళు కోతకు ముందే వరిలో విత్తనం చల్లుకుంటారు కాబట్టి చేలో నిప్పు పెట్టరు.

ఇటుక బట్టీలు, రోడ్డు దుమ్ము, చెత్తకుప్పల్లో ప్లాస్టిక్ కాల్చడం ఇవన్నీ ఉన్నాయి. భోగి మంటలో పాత టైరు వేసే అలవాటు ఒకటి. పాత కట్టెలు, పిడకలు చాలు, టైరు వద్దని పిల్లలే పెద్దవాళ్ళకు చెప్పగలరు. చెప్తే వింటారు కూడా.

మూడు సిలిండర్లను ఎలా వాడుకోవాలి?

ఉన్న మాట చెప్పుకుందాం. నలుగురున్న ఇంట్లో అన్నీ గ్యాస్ మీదే వండితే 14.2 కిలోల సిలిండరు నెలా పదిహేను రోజులకు అటూ ఇటూగా అయిపోతుంది. మూడు సిలిండర్లతో ఏడాది గడవదు. మిగతావి కొనుక్కోవాలి, కొనలేని నెల కట్టె వెలిగించాలి. ఈ సంగతి కొత్తది కాదు. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో మొదటి దీపం పథకం కింద డ్వాక్రా అక్కలకు కనెక్షన్లు ఇచ్చారు. 2016లో కేంద్రం ఉజ్వల తెచ్చింది. కనెక్షన్ వచ్చినా చాలా ఇళ్ళలో సిలిండరు టీకీ, చుట్టాలొస్తే వంటకీ మాత్రమే వెలిగింది. పక్కన కట్టెల పొయ్యి ఆరలేదు. పొగ విషయంలో సగం మానేస్తే సగం లాభం వస్తుందనుకుంటాం గానీ అంత రాదు, రోజుకు గంట పొగ ఉన్నా ఆ గంటలో పోయేది చాలా ఎక్కువ.

కాబట్టి గ్యాస్ కొంచెమే ఉంటే దాన్ని ఎక్కువ హాని ఉన్న చోట వాడాలి.

దీపం-2లో ఏడాదికి మూడు విడతలు: ఏప్రిల్ నుంచి జూలై, ఆగస్టు నుంచి నవంబరు, డిసెంబరు నుంచి మార్చి. ఆగస్టు విడతలో వానలు. కట్టె తడి, సరుగుడు మొద్దైనా కొబ్బరి మట్టైనా మండదు, పొగే వస్తుంది. వాన వల్ల పొయ్యి ఇంట్లోకే తెస్తాం, కిటికీలు కూడా మూస్తాం. డిసెంబరు విడతలో ఇంతకుముందు చెప్పిన చలి మూత. ఈ రెండు విడతల్లో గ్యాస్‌ను పొదుపు చేయకండి. ఏడాదిలో కట్టె తప్పదనుకుంటే ఏప్రిల్, మే నెలల్లో వాడండి. కట్టె ఎండి ఉంటుంది, పొయ్యి బయట పెట్టుకోవచ్చు. అయితే అప్పుడు పిల్లలకు సెలవులు, రోజంతా ఇంటి దగ్గరే ఉంటారు. పొయ్యి చుట్టూ ఆడుకోనివ్వకండి.

రోజులో కూడా ఇలాగే చూసుకోవచ్చు. పిల్లలు ఇంట్లో ఉండేది పొద్దున బడికి ముందు, సాయంత్రం బడి తర్వాత. ఆ రెండు పూటల వంట గ్యాస్ మీద. కట్టె మీద ఏదైనా చేయాల్సి ఉంటే వాళ్ళు బడిలో ఉన్నప్పుడు, బయట, ఎండిన కట్టెతో. స్నానం నీళ్ళ కాగు ఇంట్లో, వసారాలో ఉంటే దొడ్లోకి మార్చండి. కట్టెలకు మట్టి పొయ్యే గతి అయితే పైన పొగగొట్టం, ఎదురుగా తెరిచిన కిటికీ ఉండేలా చూసుకోండి. ఇవి పూర్తి పరిష్కారం కాదు, కొంత తగ్గిస్తాయి.

గ్యాస్ ఆదా కావాలంటే పప్పు, బియ్యం ముందే నానబెట్టడం, కుక్కరు వాడడం, గిన్నె మీద మూత పెట్టడం, పొంగు వచ్చాక మంట తగ్గించడం. మంట నీలంగా ఉండాలి. పసుపుగా వస్తూ గిన్నె అడుగు నల్లబడితే బర్నరు రంధ్రాలు పూడాయని అర్థం, గ్యాసూ వృథా అవుతోందని అర్థం. బర్నరు చల్లారాక తీసి సూదితో, బ్రష్‌తో శుభ్రం చేయండి. పైన చెప్పిన పూర్తిగా కాలడం, సగం కాలడం అనే పాఠం పిల్లలకు ఇక్కడ కళ్ళారా కనపడుతుంది.

మీరు అడిగే ప్రశ్నలు

మా అత్తగారు కట్టెల పొయ్యి మీద పప్పే రుచి అంటారు, ఏం చేయాలి?
ఆవిడ అబద్ధం చెప్పట్లేదు. సన్నసెగ మీద చాలాసేపు ఉడికితే ఆ రుచి వేరే. పండక్కి, ఆదివారానికి దొడ్లో ఒకసారి వండుకోండి. రోజూ మాత్రం వద్దు. వాదించే బదులు మనవరాలి చేత ఆ ఏడో రోజు అట్టలు ఆవిడకు చూపించండి.

మేం చిన్నప్పటి నుంచి పొగలోనే పెరిగాం, మాకేమైంది?
ఆయాసం, ఎడతెగని దగ్గు, కంట్లో శుక్లాలు వయసు మీద పడ్డాక వచ్చేవి. వాటిని మనం ముసలితనం ఖాతాలో రాశాం, పొగ ఖాతాలో రాయలేదు. మీ వీధిలో బీడీ ముట్టని ఆడవాళ్ళలో ఎంతమందికి ఆయాసం ఉందో గుర్తుచేసుకోండి.

దోమలచుట్ట ఫర్వాలేదా?
వద్దు. మూసిన గదిలో ఒక చుట్ట కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్లకు సమానమని 2003లో అచ్చయిన ఒక పరిశోధన తేల్చింది. పిల్లలు పడుకునే గదిలో దోమతెర కట్టండి. కాలవలు, చెరువుల మధ్య ఉన్న మన ఊళ్ళలో దోమల బాధ చిన్నది కాదు, అందుకే తెర ఖర్చు దండగ కాదు.

మాస్కు పెట్టుకుని వండితే?
గుడ్డ మాస్కు పెద్ద దుమ్మును ఆపుతుంది, సన్నటి పొగను ఆపదు. ఆ గదిలో ఉన్న మిగతావాళ్ళకు ఎలాగూ మాస్కు ఉండదు.

పిల్లలకు ఎప్పుడు డాక్టరుకు చూపించాలి?

జలుబు, దగ్గు వస్తే ఊపిరి లెక్కపెట్టండి. బిడ్డ ఏడవకుండా, నెమ్మదిగా ఉన్నప్పుడు, పొట్ట పైకీ కిందికీ ఆడడం చూస్తూ నిండా ఒక నిమిషం. రెండు నెలల నుంచి ఏడాదిలోపు బిడ్డకు నిమిషానికి 50 లేదా అంతకంటే ఎక్కువ, ఏడాది నుంచి అయిదేళ్ళలోపు పిల్లలకు 40 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే అది వేగం. రెండు నెలలు నిండని పసికందుకైతే దగ్గు, ఆయాసం ఏదున్నా లెక్కపెడుతూ కూర్చోకండి, వెంటనే తీసుకెళ్ళండి. పక్కటెముకల కింద లోపలికి లాగుతున్నా, పాలు తాగలేకపోతున్నా, మగతగా ఉన్నా ఆగకూడదు. ఆశా అక్కకు చెప్పండి, లేదా నేరుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అత్యవసరమైతే 108కి ఫోన్ చేయండి. వసపోయడం, పొగ పట్టడం లాంటివి ఈ సమయంలో చేయకండి.

ఉచిత సిలిండరు తీసుకునే విధానం

దీపం-2 పథకం 2024 నవంబరు 1న మొదలైంది. తెల్ల రేషన్ కార్డు, గ్యాస్ కనెక్షన్, రెండింటికీ ఆధార్ అనుసంధానం ఉండాలి. గ్యాస్ ఏజెన్సీలో ఈకేవైసీ పూర్తయి ఉండాలి. మీరు మామూలుగా బుక్ చేసే నంబరు నుంచే బుక్ చేయండి. సిలిండరు వచ్చినప్పుడు డబ్బు మీరు చెల్లించాలి, రసీదు తీసుకోవాలి. తర్వాత ఆ మొత్తం ఆధార్‌తో లింకైన మీ బ్యాంకు ఖాతాలో జమవుతుంది, పల్లెల్లో 48 గంటల్లోగా పడాలి. పడకపోతే ముందు ఖాతాకు ఆధార్ లింకు ఉందో లేదో బ్యాంకులో చూసుకుని, ఏజెన్సీలో, గ్రామ సచివాలయంలో అడగండి. 1967 టోల్‌ఫ్రీ నంబరుకు కూడా ఫిర్యాదు చేయవచ్చు. ఏ విడత సిలిండరు ఆ విడతలోనే బుక్ చేసుకోండి. చివరి వారం దాకా ఆగకండి, ముఖ్యంగా నవంబరు, మార్చి నెలాఖరుల్లో.

రసీదు మీద ఉన్న ధరకంటే ఎక్కువ అడిగితే ఇవ్వనక్కర్లేదు. సిలిండరు దించేటప్పుడే సీలు, బరువు చూపించమనండి. గ్యాస్ వాసన వస్తే స్విచ్చులు వేయకండి, తీయకండి. రెగ్యులేటరు కట్టి, తలుపులు, కిటికీలు తెరిచి, పిల్లలను బయటికి పంపి, 1906కు ఫోన్ చేయండి. ఈ నంబరు 24 గంటలూ పనిచేస్తుంది. దాన్ని పొయ్యి దగ్గర గోడమీద పెద్ద అక్షరాలతో రాసే పని పిల్లలకు అప్పగించండి.